ఒంటి చేత్తో చదివిన దేశాలు

కాలేజీ, స్టాఫ్ రూము
వానలు మొదలైన వారం

వదినగారికి నమస్కారాలతో,

ఈ కట్ట విప్పగానే మీరు నన్ను తిట్టుకుంటారు, పుస్తకాన్ని కూరగాయలా తరిగి పంపిందేమిటీ మనిషి అని. తిట్టుకునే ముందు ఒక్క మాట.

పోయినసారి వచ్చినప్పుడు మీ కుర్చీ పక్కన కూర్చుని చూశాను. ఎడమ చేతిని సూదులతో సహా డయాలసిస్ మెషీన్‌కి అప్పగించేసి, కుడి చేత్తో లావుపాటి నవల పట్టుకోబోయారు. అది కాస్తా జారి గుండెల మీద పడింది. "ఒంటి చేత్తో చప్పట్లే కాదు, పుస్తకం కూడా మోగదు" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా సగం రోజు, మీరు పైకప్పు చూస్తూ పడుకోవడమే తిరుగు ప్రయాణమంతా నా కళ్ళలో ఉండిపోయింది.

ఇంటికొచ్చి మీ తమ్ముడితో అన్నాను. బడి పుస్తకం తరవాత మరో పుస్తకం తెరవని మనిషి, మారు మాట్లాడకుండా నవలను తన ఫర్నిచర్ వర్క్‌షాపుకి పట్టుకుపోయారు. కుర్చీ కాళ్ళు అతికించేటప్పుడు పెట్టే క్లాంపులో బిగించి, సన్నటి బ్లేడుతో వెన్ను దగ్గర కోసి, నాలుగు ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకీ దారంతో కుట్టు, పైన గట్టి అట్ట, అట్ట మీద వరస నంబరు. కోస్తున్నంతసేపూ నేను మొహం తిప్పుకున్నాను. పేజీ మూల మడిచిన పిల్లల్ని క్లాసులో లేపి నిలబెట్టే మనిషిని కదా.

"చదివేవాళ్ళు కోయలేరు. అందుకే ఇంటికి నాలాంటివాడొకడుండాలి" అన్నారాయన.

పంపాలా వద్దా అని చాలా ఊగిసలాడాను. రెండు రోజులు దాటి ఆ మెషీన్‌కి దూరంగా ఉండలేని మనిషికి ఎక్కడెక్కడి దేశాల కథలో పంపడం, ఆకలిగా ఉన్నవాళ్ళ ముందు విందు వర్ణించడం కాదూ? కానీ స్టేషన్లో టికెట్ల కౌంటర్ వెనక కూర్చున్న రోజుల్లో మీరు అనేవారు, "ఊళ్ళన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి, నేను తప్ప" అని. ఆ మాట గుర్తొచ్చి ధైర్యం చేశాను. ఇది ఓ చలి దేశపు నవల. పెద్ద ఇల్లు, పెద్ద కుటుంబం. నచ్చకపోతే మొహమాటపడకండి.

మీ మరదలు


డయాలసిస్ గది, మూల కుర్చీ

మరదలికి,

ముందు ఆ 'గారు' తీసెయ్. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేనేదో మీ కాలేజీ ప్రిన్సిపాల్‌ని అయినట్టు! వదినా అను, నువ్వు అను. నా ఒంట్లో నీళ్ళు తోడేస్తున్నారు కదా, ఆ మర్యాద కూడా పనిలో పనిగా తోడెయ్.

ముక్కలు అందాయి. ఏం కోశాడే నా తమ్ముడు! బొటనవేలితో తోస్తే చాలు, పేజీ తిరుగుతోంది. మా సిస్టర్ చూసి, "ఆంటీ, ఈ నర్సింగు పుస్తకాలు కూడా ఇలా కోయించి పెడతారా, పరీక్షకి మోయలేక చస్తున్నా" అంది.

కానీ తల్లీ, ఒకటడుగుతాను, కోప్పడకు. ఆ నవల నువ్వు చదివే పంపావా? రోజు మొత్తానికి నాకు మూడు చిన్న గ్లాసుల నీళ్ళు. అందులోనే మాత్రలు, అందులోనే టీ. అలాంటిదాని చేత పేజీ పేజీకీ టీ చదివించావు కదే! చుట్టం వస్తే టీ. పోతే టీ. ఏడుస్తూ టీ, ఏడుపు ఆగాక ఇంకో టీ. ఇంటి మధ్యలో ఓ పెద్ద ఇత్తడి పాత్ర, ఎప్పుడు చూసినా బుసబుసమంటూ. ఆ ముసలి పెద్దమనిషి కప్పులో సగం వదిలేసి లేచిపోతాడు చూడు, వాడి పీక పిసకాలనిపించింది. నా పక్క కుర్చీలో రిటైరైన లారీ డ్రైవరొకాయన ఉంటాడు, గదిలో అందరికీ డ్రైవరన్న. ఆయనకి చదివి వినిపిస్తే, "అమ్మా, ఎక్కడికైనా తీసుకెళ్ళు గానీ ఆ ఇంటికి మాత్రం వద్దు" అన్నాడు. నవ్వి నవ్వి చెయ్యి కదిలిందేమో, మెషీన్ కూత పెట్టింది. సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. ఈ గదిలో నవ్వుకి కూత పెట్టడం ఇదే మొదటిసారట.

ఇక అసలు సంగతి. నీ మొగుడు నాకు చెప్పకుండా టెస్టులు చేయించుకున్నాడట కదా. వాడి కిడ్నీ నాకు సరిపోతుందని డాక్టరు అన్నాడని లాటరీ తగిలినట్టు ఫోన్లో చెప్పాడు. నేను వద్దన్నాను. అమ్మ పోయాక వాణ్ణి ఈ చేతుల్తో పెంచాను. ముద్దలు కలిపి పెట్టిన చేత్తోనే వాడి కడుపు కోయించుకోమని చెప్పనా? నువ్వైనా చెప్పు వాడికి వద్దని. చదువుకున్నదానివి, నీ మాట వింటాడు.

వదిన


ఇల్లు, మేడ మీది గది

వదినా,

రాశాను, చూశావా. పెన్ను రెండుసార్లు ఆగింది గానీ రాశాను.

టీ సంగతి చదివి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ నవల నేను ఎన్నోసార్లు చదివాను, ఏటా పాఠం చెబుతాను, అందులో అంత టీ ఉందని ఒక్కసారీ గమనించలేదు. దాహం లేని మనిషి చదువు అలాగే ఉంటుంది కాబోలు. వాళ్ళ ఆచారాలంటాను, వాళ్ళ సమాజమంటాను, నల్లబల్ల నిండా రాస్తాను. వాళ్ళింట్లోకి వెళ్ళి కూర్చున్నానా అంటే మాత్రం చెప్పలేను. ఇలాంటి అనుమానం మొదలైతే నాకు అంత తొందరగా వదలదని నీకు తెలుసు. క్లాసులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతున్నాను ఈ మధ్య.

తప్పు దిద్దుకోవడానికి ఈసారి ఎడారి పంపుతున్నాను. వెతికినా చుక్క నీరు దొరకదు.

నీ తమ్ముడికి చెప్పాను. "అక్క అంతే, ఆవిడకి వద్దనడం ఊపిరి తీసుకోవడం లాంటిది" అని రంపం అందుకుని వెళ్ళిపోయారు. ఇంతకంటే గట్టిగా నేను చెప్పలేను వదినా. చెప్పకుండా ఉండనూలేను. ఈ రెండు మాటల మధ్య ఏముందో నాకే సరిగ్గా తెలియదు. ప్రస్తుతానికి వదిలెయ్. ఎడారిలోకి నడువు.

మరదలు


మూల కుర్చీ, కాళ్ళ మీద ఎండ

మరదలా,

ఎడారి వాళ్ళు నా చుట్టాలే! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు వీళ్ళని?

ఒంటెల మీద పోయే ఆ ఇంటి పెద్దాయన నీళ్ళు తాగే తీరు చూశావా? గటుక్కున మింగడు. గుక్క నోట్లో పోసుకుని, నాలుక కింద కాసేపు ఉంచుకుని, కళ్ళు మూసుకుని, అప్పుడు దింపుతాడు. నేనూ అలాగే తాగుతున్నాను. మూడు గ్లాసులు నాలుగైనట్టుంది. ఇన్నాళ్ళూ నాకేదో శిక్ష పడిందనుకున్నానే. నీళ్ళని కొలుచుకుని తాగడం ఒక చోట మనుషుల మర్యాద అనీ, అలా తాగడం చేతగానివాణ్ణి చూసి వాళ్ళు జాలిపడతారనీ నాకెవరు చెప్పారు? నువ్వే. నా నాలుక నీకు దణ్ణం పెడుతోంది.

డ్రైవరన్నకి ఒంటె నచ్చింది. "పంక్చర్ లేదు, డీజిల్ లేదు, కోపమొస్తే అదే ఆగిపోతుంది, మా ఓనరు కంటే నయం" అన్నాడు. గదిలో ఇప్పుడు అందరూ వింటున్నారు. సూది గుచ్చేటప్పుడు సిస్టర్ "ఇవాళ ఏ దేశం ఆంటీ?" అంటోంది. ఇదివరకు సూది వంక చూసేదాన్ని. ఇప్పుడు అట్ట వంక చూస్తున్నాను, అంతలో గుచ్చడం అయిపోతోంది.

తమ్ముడు వచ్చి వెళ్ళాడు. పోట్లాడుకున్నాం. "నువ్వు పెంచావు కాబట్టే ఇస్తానంటున్నా" అన్నాడు. "పెంచింది తిరిగి తీసుకోవడానికి కాదురా" అన్నాను. తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. నాకేం కాదక్కా, నాకేం కాదక్కా అని ఒకటే పాట. చిన్నప్పుడు చెట్టెక్కి పడ్డప్పుడూ ఇదే మాట, మోచెయ్యి విరిగి వేలాడుతుంటే.

గట్టిగా చెప్పలేనన్నావు. ఎందుకే?

వదిన


స్టాఫ్ రూము, పరీక్షల హడావిడిలో

వదినా,

నీ "ఎందుకే"కి జవాబు రాయడం మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. కాస్త ఆగు.

రెండు కొత్త పుస్తకాలు దొరికాయి. ఒకటి మంచుకొండల దేశం, ఇంకొకటి దీవుల దేశం. ఒకే వరసలో వచ్చిన అనువాదాలు, ఒకే సైజు, ఒకే కాగితం. వర్క్‌షాపులో పని ఎక్కువగా ఉండి నీ తమ్ముడు రెండూ ఒకేసారి బిగించి కోసేశారు. ముందు మంచుకొండలవి నాలుగు ముక్కలూ వస్తున్నాయి, దీవులు వచ్చే నెల. ఈసారి కట్ట కట్టింది కూడా ఆయనే. నేను దిద్దాల్సిన పేపర్ల కింద పడి ఉన్నాను, విప్పి చూడలేదు.

మరదలు


మూల కుర్చీ

మరదలా,

ఇలాంటి పుస్తకం నా జన్మలో చదవలేదు. ఎవరే ఇది రాసింది?

కొండ మీద ఒంటరి ముసలమ్మ. పొయ్యిలోకి కట్టెలు అయిపోయాయి. కింద ఇంటివాడు రోజూ ఓ మోపు మోసుకొచ్చి గుమ్మంలో పెడతాడు. ఈవిడ రోజూ దాన్ని ఈడ్చుకెళ్ళి కంచె అవతల పారేస్తుంది. ఒకరి కట్టెలతో మండే మంట తనకి వెచ్చన కాదంటుంది. నేను చదువుతుంటే గదిలో దగ్గు వచ్చినవాళ్ళు కూడా ఆపుకున్నారు. డ్రైవరన్న నా వంక అదోలా చూసి, "ఎవరో తెలిసిన మనిషిలాగే ఉందమ్మా ఈవిడ" అన్నాడు. "మీరు నోరు మూసుకుని వినండి" అన్నాను.

రెండో ముక్క చివర్లో పొయ్యి ఆరిపోయింది. మూడోది తెరిస్తే, సముద్రం! కొండ లేదు, మంచు లేదు. జుట్టు నెరిసిన ఓ ఆడమనిషి పడవ దిగి, దీవిలో కొత్త గుడిసెలో కాపురం పెట్టింది. పేరు కూడా వేరే. అందరం తలలు పట్టుకున్నాం. చివరికి డ్రైవరన్న తేల్చాడు: "ఇంకేముంది, చలికి తట్టుకోలేక కొండ దిగొచ్చేసింది. సరిహద్దు దాటితే బండి నంబరే మారుతుంది, మనిషి పేరు మారదా?" ఒప్పేసుకున్నాం.

ఆ దీవిలో తెల్లవారి పడిన మొదటి చేపలు కొత్తగా వచ్చినవాళ్ళ గుమ్మంలో పెడతారు. వద్దంటే పడవకి కీడట. ఆవిడ ఆ బుట్ట వంక ఎంతసేపు చూస్తుందో! ఆఖరికి వంగి ఎత్తుకుంటుంది. ఆవిడ మోకాళ్ళ చప్పుడు నాకు వినిపించిందే. అన్ని మోపులు విసిరేసిన చేతులే కదా ఇవి, ఎలా ముందుకొచ్చాయి అనుకుంటూ ఏడ్చాను. ఒక చెయ్యి సూదులతో ఉంది, ఇంకో చెయ్యి వదిలితే పేజీ పోతుంది. డ్రైవరన్నే సిస్టర్ని పిలిచి నా కళ్ళు తుడిపించాడు.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. ఆలోచిస్తానురా అన్నాను.  వాడి వెనకాల రంపం ఆగిపోయిన చప్పుడు వినిపించింది.

ఈ పుస్తకం పంపినందుకు నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

వదిన


స్టాఫ్ రూము

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. పుస్తకం మీ అందరికీ నచ్చినందుకు చాలా సంతోషం. పరీక్షల పని ఇంకా తెమలలేదు. తరవాతి కట్ట కొంచెం ఆలస్యం కావచ్చు, మరోలా అనుకోవద్దు. ఆరోగ్యం జాగ్రత్త.

మీ మరదలు


మూల కుర్చీ

ఏమే,

ఆ 'గారు' మళ్ళీ ఎక్కడినుంచి ఊడిపడింది? నేనంత ఉత్తరం రాస్తే నువ్వు బ్యాంకు వాళ్ళలా నాలుగు ముక్కలు గీకావు. నువ్వు మర్యాదగా ఉన్నావంటే ఇంట్లో ఏదో పగిలిందనే. దాస్తే నాకు తెలియదనుకున్నావా? మూడు గ్లాసుల నీళ్ళతో బతుకుతున్నదాన్ని, ఒక నిజం వింటే చస్తానా? రాయి.

వదిన


ఇల్లు, మేడ మీది గది, తలుపు వేసుకుని

వదినా,

నువ్వు చదివింది ఒక పుస్తకం కాదు, రెండు. మొదటి రెండు ముక్కలు మంచుకొండలవి, తరవాతి రెండూ దీవులవి. అట్టల మీద నంబర్లు వేసి పుస్తకాల పేర్లు వేయని నీ తమ్ముడు కట్టల్ని కలిపేశారు. చదవని మనిషే కోయగలడని మురిసిపోయాం కదా, ఇలా కలపడం కూడా చదవని మనిషి వల్లే అవుతుంది. నీ ఉత్తరం చూడగానే నాకు అర్థమైంది. మిగతా ముక్కలు వర్క్‌షాపులో రంపపు పొట్టు కింద దొరికాయి.

అసలు కథలో ముసలమ్మ కొండ దిగదు. కట్టెలు ముట్టుకోదు. మంచు కరిగాక కింద ఇంటివాడు ఎక్కి వస్తే తలుపుకి లోపల గడియ పెట్టి ఉంటుంది. కంచె అవతల మోపులన్నీ అలాగే పడి ఉంటాయి. రాసినాయన ఆమెని మహారాణిలా కూర్చోబెట్టాడు. ఎంత గొప్పగా రాశాడంటే, చదివాక వద్దనడమే గౌరవమనీ, పుచ్చుకోవడం చిన్నతనమనీ అనిపిస్తుంది.

నీ "ఆలోచిస్తానురా" చదివిన రోజు నా చెయ్యి నేరుగా ఆ ముక్కల మీదికి వెళ్ళింది వదినా. తప్పు పుస్తకం చదివింది, సరైనది పంపడం నా బాధ్యత అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. కట్ట కట్టాను, స్టాంపులు కూడా అంటించాను. అప్పుడు చెయ్యి ఆగింది. ఇంత తొందర నాకు ఏ పుస్తకం మీదా ఎప్పుడూ లేదే అని.

నాకు భయం. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి కోస్తారు కదా. దుంగలెత్తే మనిషి, రేపు ఎత్తలేకపోతే? మిగిలిన ఆ ఒక్కటీ ఎప్పుడైనా మొరాయిస్తే? "వద్దని నువ్వైనా చెప్పు" అని నువ్వు రాసినప్పుడు నా గుండెల మీంచి బండ దిగింది. దిగినందుకు సిగ్గేసింది. బహుశా ఆ సిగ్గుతోనే పుస్తకాలు పంపుతూ వచ్చానేమో, కిడ్నీకి బదులు దేశాలు. కాదు, ప్రేమతోనే పంపానేమో. రెండూ నీ తమ్ముడి కట్టల్లాగా కలిసిపోయాయి, నాకు విడదీయడం రావడం లేదు.

ఒకటి మాత్రం తెలుసు. నువ్వు ఎడారి పెద్దాయన గుక్క గురించి రాశాక, నేనూ ఒకరోజు గ్లాసు ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని అలా తాగి చూశాను. ఏటా పాఠం చెప్పినా నాకు అందని దేశం ఆ గుక్కలో అందింది. మర్నాడు క్లాసులో సమాజం, ఆచారం అనకుండా ఆ గుక్క ఒక్కటే చెప్పాను. పిల్లలు నీళ్ళ సీసాల మూతలు తీసి ప్రయత్నించారు. నేను మళ్ళీ మాట్లాడగలుగుతున్నాను, నీ వల్ల.

అన్ని ముక్కలూ పంపుతున్నాను, కంచె అవతలి మోపులతో సహా. చదువు. చదివాక కూడా, ఆయనిస్తానన్నది తీసుకో. నాకు భయమే. భయపడుతూనే చెబుతున్నాను, తీసుకో వదినా.

మరదలు


మూల కుర్చీ

మరదలా,

రెండు పుస్తకాలూ వరసలో పెట్టి మళ్ళీ చదివాం. గదిలో పెద్ద గొడవ. సిస్టర్ ముసలమ్మ పక్షం. డ్రైవరన్న మాత్రం, "రాసినాయన కంటే కోసినాయనే బాగా రాశాడు" అని తీర్పు చెప్పేశాడు.

ముసలమ్మ మహారాణే, కాదనను. కానీ ఆ కింద ఇంటివాడి గురించి ఒక్క పేజీ రాయలేదేమే ఆ పెద్దమనిషి? చలిలో కట్టెలు కొట్టి, మోపు కట్టి, కొండెక్కి, మర్నాడు అది కంచె అవతల పడుంటే చూసి, మళ్ళీ కట్టి. వాడికీ ఓ పెళ్ళాం ఉండే ఉంటుంది. "మనకే చాలీ చాలవు, విసిరేసే మనిషికి ఎందుకయ్యా" అని అనుకునే ఉంటుంది. తప్పా అది? ఆవిడా చలికి వణికే మనిషేగా. ఆ ఇల్లు పుస్తకంలో లేదు. నీ ఉత్తరంలో కనిపించింది నాకు.

నాకేం కాదక్కా అని వాడు అన్నన్నాళ్ళూ వద్దన్నాను. ఏమీ కాదన్నవాడి దగ్గర ఎలా తీసుకోను, మోచెయ్యి వేలాడేసుకుని వచ్చినవాడి దగ్గర? నువ్వు భయం అన్నావు, అయినా తీసుకో అన్నావు. అప్పుడు దాని బరువెంతో తెలిసింది. బరువు తెలిస్తే ఎత్తుకోవచ్చే.

తీసుకుంటాను. మోకాళ్ళు ఎంత చప్పుడు చేసినా వంగుతాను.

కిడ్నీకి బదులు దేశాలట! పిచ్చిదానా, ఆ దేశాలే రాకపోతే నేనింకా కొండ మీదే గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఒక్క షరతు. మమ్మల్నిద్దర్నీ లోపలికి తీసుకెళ్ళినప్పుడు నువ్వు బయట బెంచీ మీద ఒంటరిగా ఉంటావు. చేతిలో పుస్తకం పెట్టుకో. చదవలేవు, తెలుసు. ఊరికే పట్టుకో.

వదిన


ఆసుపత్రి, పై అంతస్తు గది. మీరిద్దరూ ఇంటికెళ్ళిన మర్నాడు

మరదలా,

వాడు మెట్లెక్కగలుగుతున్నాడా? దుంగల జోలికి వెళ్తే అక్క వచ్చి వీపు విమానం మోత మోగిస్తుందని చెప్పు, ఇప్పుడు ఆ ఓపిక వచ్చిందని కూడా చెప్పు. నువ్వు బెంచీ మీద పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చున్నావని డాక్టరు చెప్పాడు. నవ్వితే కుట్లు లాగాయి.

ఇవాళ పొద్దున డాక్టరు, "నీళ్ళు బాగా తాగాలమ్మా" అన్నాడు. వినపడనట్టు నటించి ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాను. నర్సు పెద్ద గ్లాసు నిండా తెచ్చి పెట్టింది. గటగటా తాగేద్దామని ఎత్తాను. తీరా నోట్లో పడ్డాక నాలుక ఒప్పుకోలేదే. గుక్కని తన కింద దాచుకుని, కళ్ళు మూయించింది. ఎడారి పెద్దాయన దగ్గర సెలవు తీసుకోవాలి కదా మరి. ఆ తరవాత గ్లాసు ఖాళీ చేశాను. ఇంకోటి అడిగాను. ఇచ్చారే! ఎవరూ ఏమీ అనలేదు.

ముక్కలన్నీ కింద డ్రైవరన్నకి వదిలేశాను. చెల్లెలి కొడుకు ఎవరో ఇస్తానంటే ఆయన కూడా ఇన్నాళ్ళూ వద్దంటున్నాడట, నాకు చెప్పనేలేదు. నిన్న వీల్‌చైర్లో పైకి వచ్చి చూసిపోయాడు. "ఆ కలిపి కట్టిన పుస్తకం మళ్ళీ ఒకసారి చదవాలమ్మా" అన్నాడు. చదవమన్నాను.

నువ్వు చేసినదానికి థాంక్స్ చెబితే నీకు మళ్ళీ అనుమానం మొదలవుతుంది, సిగ్గుతో పంపిన చేతికా, ప్రేమతో పంపిన చేతికా అని. రెండు చేతులకీ చెప్పాననుకో.

ఆ టీ నవల ఇంకో కాపీ దొరికితే పంపు. ఈసారి వాళ్ళ పక్కన కూర్చుని కప్పుకి కప్పు తాగుతూ చదువుతాను. కోయించకు. ఇప్పుడు నాకు రెండు చేతులూ ఖాళీ.

వదిన